కలలకు వయసు కట్టవచ్చా? కోల్‌కతా నుంచి చూసిన ఒక పాత వాదం

కల, ఆశ, ఆశయం అనే మూడు మాటలను తెలుగులో ఒకదాని బదులు మరొకటి వాడేయడం మామూలే. కానీ మూడింటి బరువూ ఒకటి కాదు. కల కనడానికి ఖర్చు లేదు. ఆశ పెట్టుకుంటే ఎదురుచూడాలి. ఆశయం పెట్టుకుంటే కాలం, డబ్బు, ఒంట్లో ఓపిక కావాలి, పైగా ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి. ఏ వయసులోనూ కలలు వదులుకోకూడదని బడి వార్షికోత్సవాల్లోనూ, పదవీ విరమణ సభల్లోనూ ఒకే రీతిగా చెబుతుంటారు. కృష్ణా రామా అనుకోవలసిన వయసులో ఇవన్నీ ఎందుకన్న మాట ఇళ్లల్లో అంతే గట్టిగా వినిపిస్తుంది. ఈ రెండు మాటలూ నిజానికి ఒకే విషయం గురించి కావు. మొదటిది మనసు గురించి, రెండోది ఇంటి ఏర్పాటు గురించి. వాదం చిక్కుపడింది అక్కడే.

కోల్‌కతానే ఎందుకు

ఎవరికి ఏ వయసులో ఏ కోరిక తగునన్న ప్రశ్న మీద ఈ నగరంలో జరిగినంత చర్చ దేశంలో మరెక్కడా జరిగి ఉండదు. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పోరాటం ఫలితంగా 1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. పదేళ్లకే భర్త పోయిన పిల్లకు ఇక ఎదురుచూడవలసింది ఏమీ లేదన్న నమ్మకాన్ని ఆ చట్టం నిలదీసింది. ఆ అల రాజమండ్రి చేరడానికి పాతికేళ్లు పట్టింది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం అక్కడ తొలి వితంతు వివాహం జరిపించారు.

మరో శతాబ్దం గడిచాక, ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిన అమర్త్య సేన్, దేబరాజ్ రాయ్, అభిజిత్ బెనర్జీ వంటివారు ఆశను ఆర్థికశాస్త్రంలోకి తీసుకొచ్చారు. మనుషులు ఏం కోరుకుంటారు, కోరుకోవడం ఎందుకు మానేస్తారన్నది వాళ్ల చేతిలో కొలవదగిన విషయం అయింది.

ఇక నగరం సంగతి. కోల్‌కతా జిల్లా జనాభా 2001లో 45.73 లక్షలు, 2011 నాటికి 44.97 లక్షలు. పెద్ద నగరాలు చాలావరకు ఉబ్బుతున్న దశాబ్దంలో ఇది తగ్గింది. చదువుకున్న పిల్లలు బెంగళూరుకో, హైదరాబాదుకో, విదేశాలకో వెళ్లిపోగా పాత మేడల్లో పెద్దవాళ్లు మాత్రమే మిగిలిన వీధులు ఇక్కడ చాలా ఉన్నాయి. ఒంటరిగా ఉండే వృద్ధుల బాగోగులు చూడటానికి ప్రణామ్ పేరుతో నగర పోలీసులే ఒక కార్యక్రమం నడుపుతున్నారు. మిగతా నగరాలకు రేపు ఎదురయ్యే ప్రశ్న కోల్‌కతాకు ఇప్పటికే ఎదురైంది.

వయసుకో ధర్మం

వాదంలో అన్నిటికన్నా పాత పక్షం ఆశ్రమ ధర్మానిది. ఒంటి మీద ముడతలు, తలలో నెరుపు, మనవడి ముఖం చూశాక గృహస్థు అడవికి వెళ్లాలని మనుస్మృతి చెబుతుంది. ఆ మాట ప్రకారం నిజంగా అడవికి వెళ్లినవాళ్లు ఎందరున్నారన్నది వేరే సంగతి. జీవితానికి అంచెలున్నాయని, ఒక అంచెలోని కోరికను మరో అంచెలోకి మోసుకుపోకూడదన్న ఊహ మాత్రం జనం మనసులో గట్టిగా నాటుకుంది.

ఈ పక్షాన్ని విమర్శకులు తరచూ తేలిగ్గా కొట్టిపారేస్తారు. అది సరికాదు. అమెరికన్ మానవశాస్త్రవేత్త సారా లాంబ్ పశ్చిమ బెంగాల్ బీర్‌భూమ్ జిల్లాలోని ఒక పల్లెలో ఉండి, అక్కడి పెద్దవాళ్ల మాటల ఆధారంగా 2000లో ఒక పుస్తకం ప్రచురించారు. బెంగాలీలు ‘మాయ’ అనే మాటను మమకారం అన్న అర్థంలో ఎక్కువగా వాడతారు. వయసు పెరిగేకొద్దీ మాయ తగ్గదనీ, మనుషుల మీద, వస్తువుల మీద, ఇంటి గోడల మీద అది పెరుగుతూనే పోతుందనీ ఆ ఊరి పెద్దలు ఆమెతో చెప్పారు. పోయే వేళకు ప్రాణం సులువుగా విడివడాలంటే ఆ ముడులు ఒక్కొక్కటిగా విప్పుకోవాలన్నది వాళ్ల లెక్క. అంటే ముసలితనంలో ఆశ దానంతటదే చచ్చిపోతుందని పాత ధర్మం అనుకోలేదు. అది ముదిరి మనిషిని కట్టిపడేస్తుందని భయపడింది. ఈ తేడా గమనిస్తే ఆ పక్షంలో క్రౌర్యం కన్నా జాగ్రత్తే ఎక్కువగా కనిపిస్తుంది.

పడమటి దేశాల్లోనూ ఇలాంటి ఆలోచన ఉంది. ఎలేన్ కమింగ్, విలియం హెన్రీ 1961లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం వృద్ధులు సమాజం నుంచి, సమాజం వృద్ధుల నుంచి నెమ్మదిగా విడిపోవడం సహజం, ఇద్దరికీ మేలు కూడా. రాబర్ట్ హావిగ్‌హర్స్ట్ వంటివారు దీన్ని ఒప్పుకోలేదు. పనిలో, నలుగురిలో ఉన్నవాళ్లే సంతృప్తిగా ముసలివాళ్లవుతారని వాదించారు. బెర్నిస్ న్యూగార్టన్ మరో కోణం చూపారు. చదువు, పెళ్లి, పిల్లలు, విరమణ వీటన్నిటికీ సమాజం ఒక గడియారం పెట్టుకుంటుంది. మనిషి తాను ముందున్నానా వెనకబడ్డానా అని దాన్ని చూసే తేల్చుకుంటాడు. ఆ గడియారం ప్రకృతి పెట్టింది కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగి 62 ఏళ్లకు, తెలంగాణ ఉద్యోగి 61కి, పశ్చిమ బెంగాల్ ఉద్యోగి 60కి విరమణ పొందడమే అందుకు సాక్ష్యం.

ఆశ్రమ ధర్మంలో అసలు లోపం మరొకటి. ఆ అంచెలన్నీ మగవాడి జీవితానికి కొలిచి కుట్టినవి. ఆడవాళ్లకు చదువుకునే బ్రహ్మచర్యమూ లేదు, ఇష్టపడి విడిచిపెట్టే వానప్రస్థమూ లేదు. అందుకే ఈ ధర్మాన్ని ఎదిరించిన తొలి గట్టి గొంతుల్లో ఎక్కువ ఆడవాళ్లవే.

గడియారాన్ని తోసిరాజన్నవాళ్లు

రస్సుందరీ దేవికి 12 ఏళ్లకు పెళ్లయింది. ఆడది అక్షరం ముట్టుకుంటే అరిష్టమని నమ్మే ఇల్లు. వైష్ణవ గ్రంథం చైతన్య భాగవతం చదవాలన్న కోరిక ఆమెకు కలలో కూడా వచ్చేది. పాతికేళ్లు దాటాక ఒకనాడు ఆ గ్రంథం నుంచి ఒక పత్రం తీసి దాచుకున్నారు. కొడుకు అక్షరాలు దిద్దుకున్న తాటాకు కూడా ఒకటి సంపాదించారు. రెండూ వంటింట్లో ఉంచుకుని, పొయ్యి మీద వంట ఉడుకుతుండగా ఈ ఆకు మీది అక్షరాన్ని ఆ ఆకు మీది అక్షరంతో పోల్చుకుంటూ చదవడం పట్టుబడేదాకా ఎవరికీ చెప్పలేదు. ఎవరూ నేర్పని ఆ చదువుతో ఆమె రాసిన ‘ఆమార్ జీబన్’ 1876లో, ఆమె అరవై దాటాక వెలువడింది. బెంగాలీలో తొలి ఆత్మకథగా దాన్నే చెబుతారు.

తరవాతి తరంలో కాదంబినీ గంగూలీ 1886లో కలకత్తా వైద్య కళాశాల నుంచి డాక్టరుగా బయటికొచ్చారు. పిల్లల్ని ఇంట్లో ఉంచి బ్రిటన్ వెళ్లి పై అర్హతలు సంపాదించుకొచ్చారు. పిల్లల తల్లికి ఇదేం చదువని నోళ్లు నొక్కుకున్నవాళ్లకు కొదవ లేదు. బడి ముఖం చూడని ఆశాపూర్ణా దేవి ఇంటిపనుల మధ్యనే నవలలు రాసి, 1976 జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు.

రవీంద్రనాథ్ ఠాగూర్ ఉదాహరణ అందరికీ తెలిసిందే అయినా దగ్గరగా చూడదగ్గది. కవితల రాతప్రతుల్లో కొట్టివేసిన మాటలను ఆయన ఊరికే వదిలేసేవారు కాదు. ఒక కొట్టివేతను మరో కొట్టివేతతో గీతలు కలిపి, పక్షిగానో వింత మృగంగానో మార్చేవారు. 1924లో ‘పూరబి’ కవితల రాతప్రతిలో ఈ అలవాటు బాగా ముదిరింది. ఆ కొట్టివేతల నుంచే చిత్రకారుడు పుట్టాడు. 1930 మేలో పారిస్‌లోని పిగాల్ గ్యాలరీలో తొలి ప్రదర్శన జరిగే నాటికి ఆయనకు 69 ఏళ్లు. 1941లో పోయేలోపు రెండు వేలకు పైగా బొమ్మలు వేశారు.

నీరద్ సి. చౌధురి తొలి పుస్తకం 1951లో, 54వ ఏట వచ్చింది. చివరిది వందేళ్లకు చేరువలో. తెలుగునాట గిడుగు రామమూర్తి సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది, అప్పటికి ఆయనకు 75. ఇటీవలి సంగతికొస్తే, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జ్ పేకాటలో పురుషుల జోడీ స్వర్ణం గెలిచిన ప్రణబ్ బర్ధన్ వయసు 60, శిబ్‌నాథ్ సర్కార్ వయసు 56. ఇద్దరూ కోల్‌కతా ప్రాంతం వాళ్లే.

ఈ జాబితాలు స్ఫూర్తినిస్తాయి, నిజమే. రుజువు మాత్రం కావు. గెలిచినవాళ్ల పేర్లే చరిత్రలో మిగులుతాయి. అరవయ్యో ఏట బొమ్మలు మొదలుపెట్టి ఎవరి కంటా పడనివాళ్ల లెక్క ఎవరి దగ్గరా లేదు. ఠాగూర్‌కు జొరాసాంకో భవనం, ప్రపంచ ఖ్యాతి, పారిస్ ప్రదర్శనకు పూనుకున్న విక్టోరియా ఒకాంపో వంటి స్నేహితురాలు ఉన్నారు. రస్సుందరికి దాచుకున్న ఒక్క ఆకు మాత్రమే ఉంది. ఇద్దరినీ ఒకే వరసలో నిలబెట్టి సంకల్పబలం అనడం రస్సుందరికి అన్యాయం.

కల ఒకరిదైతే దాని ఖర్చు ఇంకొకరి మీద పడటమూ ఉంది. సత్యజిత్ రాయ్ ప్రకటనల కంపెనీలో చిత్రకారుడిగా పనిచేస్తూ ‘పథేర్ పాంచాలి’ మొదలుపెట్టారు. డబ్బు చాలక బీమా పాలసీ, ఆ తరవాత భార్య బిజొయా నగలు తాకట్టుకు వెళ్లాయి. 1955లో సినిమా విడుదలై చరిత్ర అయింది కాబట్టి ఆ నగలు గొప్ప కథలో భాగమయ్యాయి. సినిమా ఆగిపోయి ఉంటే వాటి గురించి మాట్లాడేవాళ్లే ఉండరు.

వదులుకోవడమూ ఒక నేర్పే

మనస్తత్వశాస్త్రం ఈ వాదంలోకి ఆలస్యంగా వచ్చింది కానీ కొన్ని ముడులు విప్పింది. సి. ఆర్. స్నైడర్ 1991లో ఆశకు ఇచ్చిన నిర్వచనంలో రెండు భాగాలున్నాయి: చేయగలనన్న నమ్మకం ఒకటి, ఎలా చేయాలో తోచే దారులు రెండోది. దారి కనబడని నమ్మకాన్ని ఆయన ఆశ అనలేదు. అదే ఏడాది గాబ్రియేల్ ఓటింగెన్ మరింత పదునైన విషయం బయటపెట్టారు. బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన స్త్రీలలో, తగ్గుతామని నమ్మినవాళ్లు ఎక్కువ తగ్గారు. తగ్గిపోయినట్టు తీయగా ఊహించుకున్నవాళ్లు తక్కువ తగ్గారు. మొదట చెప్పుకున్న కలకూ ఆశకూ తేడా ఇక్కడ కొలతకు అందింది.

కార్‌స్టన్ రోష్, ఆయన సహచరులు 2003లో ఇంకో మెట్టు ఎక్కారు. అందని లక్ష్యాన్ని విడిచిపెట్టగలగడం, దాని చోట కొత్తది పెట్టుకోగలగడం మనసు ఆరోగ్యానికి మేలు చేస్తాయని చూపారు. విడిచి ఊరుకోవడం వేరు, విడిచి మరొకటి పట్టుకోవడం వేరు. ఎన్నడూ వదలకు అనే ఉపదేశానికి ఇది సూటి సమాధానం.

పాల్ బాల్టిస్, మార్గ్రెట్ బాల్టిస్ అంతకుముందే ఇలాంటి ఆలోచనను ముసలితనానికి అన్వయించారు. పియానో విద్వాంసుడు ఆర్థర్ రూబిన్‌స్టీన్ ఎనభై ఏళ్ల వయసులో కచేరీలు ఎలా చేస్తున్నారో వాళ్లు ఉదహరించేవారు. ఆయన తక్కువ కృతులు ఎంచుకునేవారు. వాటినే ఎక్కువసార్లు సాధన చేసేవారు. వేగంగా వాయించవలసిన చోటుకు ముందున్న భాగాన్ని కొంచెం నెమ్మదిగా వాయించేవారు, తరవాతి వేగం వినేవారికి ఎక్కువగా తోచేలా. వేళ్లలో తగ్గింది చెవికి తెలియలేదు. కల చిన్నదైపోలేదు, దాని కొలత మారింది. ఈ చర్చ మొత్తంలో పెద్దవాళ్లకు నేరుగా ఉపయోగపడే ఉదాహరణ బహుశా ఇదే.

వయసును కాక మిగిలిన కాలాన్ని చూడమన్నారు లారా కార్‌స్టెన్సన్. ముందు చాలా కాలం ఉందనుకునేవాళ్లు కొత్త పరిచయాలు, కొత్త విద్యలు కోరతారు. తక్కువే ఉందనుకునేవాళ్లు దగ్గరివాళ్లను, అర్థవంతమైన వాటిని కోరతారు. ఆయువు కరిగిపోతోందని తెలిసిన యువ రోగులు కూడా ముసలివాళ్లలాగే ఎంచుకున్నారు. బీర్‌భూమ్ పల్లెవాసుల ‘మాయ’కూ ఈ సిద్ధాంతానికీ దగ్గర చుట్టరికం ఉంది. అయితే ఆ పల్లె పెద్దలు ముడులు విప్పుకోమంటే, ఈ సిద్ధాంతం పోగుచేసుకోమంటుంది.

నమ్మకానికి ఒంటితో సంబంధం ఉందా? 2002లో బెకా లెవీ బృందం అమెరికాలోని ఒక ఊరివాళ్లను పరిశీలించి, ముసలితనం గురించి మంచి అభిప్రాయం ఉన్నవాళ్లు మిగతావారికన్నా సుమారు 7.5 ఏళ్లు ఎక్కువ బతికారని తేల్చింది. ఆరోగ్యం బాగున్నందువల్లే అభిప్రాయం బాగుందా అన్న అనుమానాన్ని ఆ బృందం లెక్కలోకి తీసుకుంది గానీ, అది పూర్తిగా తీరిపోయిందని అందరూ ఒప్పుకోరు.

ఆశ అణగే చోటు, మొలిచే చోటు

బెంగాల్ ఆర్థికవేత్తల అడుగు ఇక్కడి నుంచి మొదలవుతుంది. బెంగాల్ కరువు ముగిసీ ముగియని 1944లో, కలకత్తాలోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హైజీన్ అండ్ పబ్లిక్ హెల్త్ సింగూరులో ఒక సర్వే చేసింది. తరవాతి కాలంలో నానో కార్ల కర్మాగారం గొడవతో అందరి నోళ్లలో నానిన సింగూరే అది. మీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే, భార్య పోయిన మగవాళ్లలో దాదాపు సగం మంది బాగాలేదనో, అంతంతమాత్రమనో చెప్పారు. వితంతువులలో అలా చెప్పినవాళ్లు నూటికి ముగ్గురు కూడా లేరు. ఆడవాళ్ల ఒళ్లు బాగుందని దీని అర్థం కాదన్నారు అమర్త్య సేన్. తమ బాధను బాధగా లెక్కపెట్టుకోవడమే వాళ్లు మానేశారు. ఎదురుచూడటానికి ఏమీ లేనప్పుడు ఫిర్యాదు కూడా ఉండదు. మనిషి సంతృప్తిగా ఉన్నానంటే చాలదన్న సేన్ వాదానికి ఈ చిన్న సర్వే గట్టి ఆధారమైంది. ఈ వయసులో నాకేం కావాలి నాయనా అనే పెద్దావిడ మాటను వైరాగ్యమని పొంగిపోయి చెప్పుకునే ముందు సింగూరు గుర్తుకు రావాలి.

దేబరాజ్ రాయ్ 2006 వ్యాసంలో ఆకాంక్షకు ఒక కిటికీ ఉంటుందన్నారు. మనిషి తన చుట్టుపక్కల, తనలాంటివాళ్లను చూసి కోరికలు పెట్టుకుంటాడు. అనుకున్నదానికీ ఉన్నదానికీ దూరం మరీ తక్కువైతే కదలడు, మరీ ఎక్కువైతే కుంగిపోతాడు. ఆకాశమే హద్దని చెప్పడం పేదింటి పిల్లకు మేలు చేయకపోవచ్చన్నది దీనిలోని సూచన.

మరి ఏం మేలు చేస్తుంది? పశ్చిమ బెంగాల్ పంచాయతీల్లో మూడో వంతు ప్రధాన్ (సర్పంచ్) పదవులు మహిళలకు రిజర్వు చేసి, వంతులవారీగా మార్చడం పరిశోధకులకు అరుదైన అవకాశమైంది. లోరీ బీమన్, ఎస్తేర్ డఫ్లో, రోహిణీ పాండే, పెటియా టొపలోవా బీర్‌భూమ్ జిల్లాలోని 495 గ్రామాల్లో 11–15 ఏళ్ల పిల్లలను, తల్లిదండ్రులను ప్రశ్నించి 2012లో ఫలితాలు ప్రకటించారు. వరసగా రెండు దఫాలు మహిళా ప్రధాన్ ఉన్న ఊళ్లలో, కొడుకు గురించీ కూతురి గురించీ తల్లిదండ్రులు పెట్టుకునే ఆశల్లో తేడా గణనీయంగా తగ్గింది. పిల్లల సొంత ఆశల్లో తేడా 32 శాతం తగ్గింది. చదువులో తేడా చెరిగిపోయింది. ఆడపిల్లలు ఇంటి చాకిరీకి పెట్టే సమయం కూడా తగ్గింది. ఎవరూ ఆ పిల్లలకు కలలు కనమని ఉపన్యాసం ఇవ్వలేదు. ఊరి కుర్చీలో ఒక ఆడమనిషి కూర్చుంది, అంతే.

ముర్షీదాబాద్ జిల్లాలో బంధన్ సంస్థ నిరుపేద స్త్రీలకు ఆవునో మేకలనో ఇచ్చి, కొంతకాలం భత్యం, వారం వారం సలహా అందించింది. అభిజిత్ బెనర్జీ, డఫ్లో చేసిన పరిశీలనలో వాళ్ల రాబడి ఆ పశువుల వల్ల మాత్రమే పెరగదగినంత కన్నా ఎక్కువ పెరిగింది. పదేళ్ల తరవాత కూడా ఆ మేలు నిలిచింది. ఆశ చిగురించి ఎక్కువ పనిచేయడమే కారణమని డఫ్లో ఊహ. ఇందులో ఆశ వాటా ఎంత, ఆవు వాటా ఎంత అని విడదీయడం మాత్రం ఇంకా ఎవరి వల్లా కాలేదు.

పక్కపక్కన పెడితే

ఆశ్రమ ధర్మానికి బలం పోటీ నుంచి విముక్తి. దాని లోపం ఆ విముక్తిని ఎన్నుకునే హక్కు అందరికీ ఇవ్వకపోవడం. స్ఫూర్తి పక్షం తలుపు తెరిచే ఉందని చూపిస్తుంది కానీ గెలిచినవాళ్లనే లెక్కిస్తుంది. మనస్తత్వశాస్త్రం ఎప్పుడు పట్టుకోవాలో ఎప్పుడు వదలాలో చెబుతుంది. అయితే దాని ఆధారాల్లో ఎక్కువ భాగం అమెరికా, ఐరోపాల నుంచి వచ్చినవే. కోడలి చేతి కింద బతికే అత్తకో, అత్త చేతి కింద బతికే కోడలికో అవి ఎంతవరకు వర్తిస్తాయో చూడాలి. ఆర్థికశాస్త్రం ఆశను మనసులోంచి బయటికి తీసి ఊళ్లో, ఇంట్లో, చేతిలోని ఆస్తిలో వెతికింది. ఈ నాలుగింటిలో అన్నిటికన్నా నమ్మదగిన ఆధారం దీనిదే. కానీ అది పిల్లల మీద, పనిచేసే వయసువాళ్ల మీద నిలిపినంత దృష్టి వృద్ధుల మీద నిలపలేదు.

తేలనివి

మొదటి చిక్కు: మనిషి ఇష్టపడి విడిచాడా, విడవక తప్పక విడిచాడా అన్నది బయటి నుంచి పోల్చుకోవడం ఎలా? సారా లాంబ్ 2009 పుస్తకంలో కోల్‌కతా వృద్ధాశ్రమవాసుల్లో కొందరు తమ ఉనికిని కొత్తరకం వానప్రస్థంగా చెప్పుకున్నారు. అందులో కొందరికి అది శాంతి, మరికొందరికి పిల్లలు దగ్గర లేని బాధకు తొడిగిన గౌరవమైన పేరు అయి ఉండవచ్చు. రెండూ ఒకే మనిషిలోనూ ఉండవచ్చు.

రెండోది నడివయసు. బాల్యం గురించి, వృద్ధాప్యం గురించి ఇంత రాసినవాళ్లు 40–60 మధ్య ఆడవాళ్ల గురించి రాసింది చాలా తక్కువ. అటు ముసలి తల్లిదండ్రులు, ఇటు పరీక్షలు రాసే పిల్లలు. ఇతరుల కలలకు టిఫిన్ డబ్బా కట్టే వయసు అది. వాళ్ల కోరిక వాళ్లనే అడిగితే తరచూ పిల్లల పేరే చెబుతారు. అది ప్రేమా, సింగూరు వితంతువుల అలవాటా?

ఖర్చు ఎవరిదన్న ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం, అన్నిటికన్నా తక్కువగా అడిగిందీ అదే. ఆశ పెట్టుకోవడానికి వయసు అడ్డమని చెప్పే ఆధారం ఏ పక్షం దగ్గరా లేదు. దారి లేకపోవడం అడ్డమని చెప్పే ఆధారం మాత్రం బీర్‌భూమ్ నుంచి, ముర్షీదాబాద్ నుంచి దండిగా ఉంది. కాబట్టి ఈ విషయం మీద ఇకముందు చేసే ప్రతి సర్వేలోనూ, మీ కల ఏమిటన్న ప్రశ్న పక్కనే, దానికి ఇంట్లో ఎవరి సమయం, ఎవరి డబ్బు పోతుందన్న ప్రశ్న కూడా ఉండాలి. సింగూరులో 1944లో వితంతువులను ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు. దానికి వాళ్లు బాగానే ఉన్నామని చెప్పారు.